సముద్రానికి తేదీ చెప్పకూడదు

కెయౌహౌ,
మార్చి పన్నెండు, ఆదివారం.

తమ్ముడు కమూయెలాకి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగానే ఉన్నాం. అమ్మ ఇప్పుడే ఎండుచేప కాల్చుకుని, చేమదుంప పోయి ముద్దతో తిని పడుకుంది. నేను మాత్రం మూడు వారాలుగా ఒళ్ళు మండి ఉన్నాను. దానికి కారణం నువ్వే. అక్కడ నువ్వూ క్షేమంగా ఉండాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను, కాస్త కుదురుగా కూర్చుని చదువు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నన్ను ఒక్క మాటైనా పూర్తి చెయ్యనిచ్చావా ఎప్పుడైనా? "అక్కా, ఆగాగు, ముందు నేను చెప్పేది విను" అని అడ్డొస్తావు. ఉత్తరంలో ఆ వేషాలు కుదరవు. పైగా అమ్మకి ఉత్తరాలంటే ఇష్టం. నువ్వు రాసింది నేను చదువుతుంటే కాళ్ళు చాపుకుని వింటుంది, బాగున్న చోట మళ్ళీ చదవమంటుంది. నీ ఉత్తరాల్లో బాగున్న చోట్లు ఈ మధ్య తగ్గిపోయాయి, అది కూడా చెప్తున్నాను.

పోయిన నెల నువ్వు పంపిన పట్టిక అందింది. జూన్ నెల ముప్ఫై రోజులూ గళ్ళు గీసి, చంద్రుడికో గడి, పోటుకో గడి, గాలికో గడి, అలల ఎత్తుకో గడి. నాలుగు రంగుల సిరా. చివరికి పద్దెనిమిదో తేదీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "అమావాస్య. రాత్రి 8:10. అమ్మకి మాంటా చేపలు చూపించడానికి అన్నిటికన్నా మంచి సమయం" అని రాశావు. గ్వామ్ రేవులో క్రేన్ నడిపేవాడివి, పంచాంగం రాయమని నిన్నెవరు అడిగారు నాయనా? ఆ కాగితం చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకెక్కిందో తెలుసా? తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగమే అది. పొద్దున ఎనిమిదింటికి ఆ పడవల కంపెనీ కిటికీ ముందు కూర్చుంటాను, ఫోన్ మోగుతుంది, "మాంటాలతో ఈదడానికి ఏ రాత్రి మంచిదండీ?" అని అడుగుతారు. ఎక్కడెక్కడి నుంచో అడుగుతారు. పున్నమి మంచిదా, అమావాస్య మంచిదా, వేసవా, చలికాలమా, మొదటి పడవా, రెండో పడవా. మొన్న ఒకావిడ, "మా పిల్లలు ఎనిమిదింటికల్లా నిద్రపోతారు, మాంటాలు ఆరింటికి రాలేవా?" అంది. ఇంకొకాయన ఆ రోజు వాటికి ఆకలిగా ఉంటుందని రాసిస్తారా అన్నాడు. అవేమైనా మా ఇంట్లో భోజనం చేస్తాయా, ఆకలి నాకెలా తెలుస్తుంది? ఇవన్నీ పళ్ళు బిగబట్టుకుని విని, మా మేనేజరు చెప్పమన్నట్టు "ప్రతి రాత్రీ మంచిదేనండీ" అంటాను. అలా రోజంతా నలిగి ఇంటికొస్తే, అదే ప్రశ్న నాలుగు రంగుల సిరాలో మా తమ్ముడి దగ్గర్నించి వచ్చి కూర్చుంది.

అడిగావు కాబట్టి జవాబు చెప్తాను. తొమ్మిదేళ్ళలో నిండు పున్నమినాడు ఇరవై మాంటాలు వచ్చిన రాత్రులున్నాయి, కటిక అమావాస్యనాడు ఒక్కటీ రాక జనం వట్టి నీళ్ళు చూసి తిరిగొచ్చిన రాత్రులున్నాయి. దీపం వేస్తే కంటికి ఆనని పురుగు పోగవుతుంది, ఆ పురుగుని తినడానికి అవి వస్తాయి. చలికాలంలో వాయవ్యం నుంచి పెద్ద అలలొచ్చి నీళ్ళు కలిపేస్తే ఏమీ కనపడవు. మాకు తెలిసింది ఇంతే. మిగతాదంతా కంప్యూటర్లో ఎవరో రాసింది ఇంకెవరో చూసి రాసుకున్నది. నీ పోటు గడి, గాలి గడి తీసి చేపలు చుట్టుకోవడానికి వాడుకో.

లొపాకా ఇంకా పడవ నడుపుతున్నాడా అని అడిగావు. నడుపుతున్నాడు, ఇంకా లావయ్యాడు. కంపెనీ పడవకి వాడే కెప్టెను. వాళ్ళ నాన్నా మన నాన్నా కలిసి చేపలు పట్టిన చిన్న పడవ కూడా అమ్మకుండా అలాగే ఉంచాడు, ఇంజను మార్చాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నీ పట్టిక చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు.

అమ్మ కళ్ళెలా ఉన్నాయని ఆఖర్న ఒక్క ముక్కలో అడిగావు. ఆ ప్రశ్న మొదట అడగాల్సింది. దానికి జవాబు నేనూ ఆఖర్నే చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అమ్మకి ఉన్న కోరిక ఒక్కటి, అది నీకూ తెలుసు. ఇరవై ఏడేళ్ళు ఆ గుట్టమీది హోటల్లో దుప్పట్లు ఉతికింది. రాత్రి డ్యూటీలో అన్నం తినడానికి వెనకాల రాతిగోడ మీద కూర్చునేది. హోటలువాళ్ళు తమ అతిథుల కోసం సముద్రం మీదికి పెద్ద దీపాలు వేసేవాళ్ళు, ఆ వెలుగులోకి చాపంత రెక్కలున్న మాంటాలు వచ్చేవి. పైనుంచి చూసేవాళ్ళకి కనిపించేది నల్లటి వీపు. ఇరవై ఏడేళ్ళు అమ్మ చూసింది ఆ వీపే. పొట్ట తెల్లగా ఉంటుందని, దాని మీద ఒక్కోదానికి ఒక్కోలా మచ్చలుంటాయని విన్నది, అంతే. తర్వాత ఈ పడవలు వచ్చాయి. ఇప్పుడు భూమికి అటు చివర్నించి వచ్చినవాళ్ళు నోటికి గొట్టం తగిలించుకుని, దీపం పెట్టిన పలక పట్టుకుని బోర్లా పడుకుంటే, మాంటా వాళ్ళ కిందకొచ్చి పల్టీ కొట్టి పొట్ట చూపించి పోతోంది. ఊళ్ళో పుట్టినదానికి వీపు, విమానం దిగినవాళ్ళకి పొట్టా? ఎక్కడి న్యాయం ఇది? తొమ్మిదేళ్ళుగా ఆ టిక్కెట్లు ఇచ్చే కిటికీలో కూర్చున్నది ఆవిడ సొంత కూతురు.

సీట్లు ఖాళీగా ఉంటే మనవాళ్ళని ఎక్కించుకోవచ్చు, కంపెనీ ఏమీ అనదు. కానీ ఎక్కేముందు కాగితం మీద పేరు, తేదీ, బయల్దేరే టైము రాసి సంతకం పెట్టాలి. ఒకసారి ఆ కాగితం అమ్మ ముందు పెట్టాను. ఏమందో గుర్తుందా నీకు?

"ఏమే, నేను నీళ్ళలోకి వెళ్తున్నానని రాయడమే కాకుండా సంతకం కూడా పెట్టాలా? ఇంకా ఎవరికైనా చాటించాలా?"

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

కమూయెలా, నువ్వు ఏ ఇంట్లో పుట్టావో మర్చిపోయావా? నాన్న వల భుజాన వేసుకున్నాక ఎక్కడికని ఎవరమైనా అడిగామా? ఆయన "అలా తిరిగొస్తా" అనేవాడు, అమ్మ "సరే" అనేది. చేపల మాట గుమ్మం దగ్గర ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, చేపలు వింటాయని. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వొక్కడివే ఎత్తావు. "నాన్నా, చేపలకేనా? ఎన్ని తెస్తావు? ఎప్పుడొస్తావు?" అని వీధి వినేలా అరిచావు. నాన్న గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. వల దించాడు, కాళ్ళు కడుక్కున్నాడు, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాడు. ఆ పూట మనం డబ్బా మాంసంతో అన్నం తిన్నాం. అప్పుడే నీకు బుద్ధి రావాలి. రాలేదు.

మొదటిసారి, మూడేళ్ళ కిందట సెలవుకొచ్చావు. బంధువులందరూ ఉండగా అన్నం బల్ల దగ్గర గ్లాసు మీద చెంచాతో కొట్టి మరీ ప్రకటించావు. "రేపు సాయంత్రం ఏడింటికి అమ్మని మాంటాల దగ్గరికి తీసుకెళ్తున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను అమ్మ మొహం చూశాను. మర్నాడు మోకాలు నొప్పంది. ఆ మోకాలితోనే ఆ పొద్దున మెట్లన్నీ ఎక్కి దిగి చర్చికి పూలు తీసుకెళ్ళింది, నువ్వు గమనించలేదు.

రెండోసారి చొక్కాలు అచ్చు వేయించి పంపావు. తలుచుకుంటే ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తుంది నాకు. ముందువైపు మాంటా బొమ్మ, వీపు మీద తేదీ! పన్నెండు చొక్కాలు! నువ్వు బయల్దేరే ముందురోజు మీ గ్వామ్‌లో తుఫాను పట్టుకుంది, విమానాలు ఆగిపోయాయి. అమ్మ ఆ చొక్కా విప్పి చూసి, "చొక్కా మీద రాశాడు, తుఫాను చదువుకుంది" అంది. ఆ చొక్కాలు ఇప్పుడు లొపాకా ఇంజను తుడవడానికి పనికొస్తున్నాయి.

మూడోసారి, పోయినేడు, కార్డు రాశావు. కవరు కాదు, కార్డు! పెద్దక్షరాలతో తేదీ. మన పోస్టు పంచే హోకూ అది ఇంటి దాకా తెచ్చేసరికి దారిపొడుగునా చదివేశాడు. గేటు దగ్గర్నించే, "ఆంటీ లెయినా! పద్నాలుగున మాంటాలట కదా! అదృష్టవంతులండీ మీరు!" అని కేకేశాడు. అమ్మ వాడి చేతిలోంచి కార్డు లాక్కుని లోపలికొచ్చి, "పోయింది, అది కూడా పోయింది" అని కూర్చుంది. రెండు వారాల తర్వాత నీకు సెలవు రద్దయిందని కబురొచ్చింది. క్రేను మరమ్మతుట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు.

ఇది వెర్రి అంటావు. "అక్కా, తేదీ చెప్తే తుఫానొస్తుందా?" అని నువ్వు నవ్వడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది. నాకూ తెలీదురా. నేను రోజుకి నలభైసార్లు నోటితో తేదీలు చెప్పి జీతం తీసుకునేదాన్ని, నమ్ముతానని ఎలా చెప్పను? కానీ అమ్మ నమ్ముతుంది. వెళ్ళాల్సింది అమ్మ. చూడాల్సింది అమ్మ. మూడేళ్ళుగా ఆవిడకి మంచి చేస్తున్నాననుకుంటూ ఆవిడ కాలికి అడ్డం పడుతున్నది నువ్వు. ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఎప్పుడు మంచిదని చంద్రుణ్ణి అడిగావు, గాలిని అడిగావు. అమ్మని ఒక్కసారి అడిగావా?

ఇక్కడ కలం పక్కన పెట్టి కాఫీ తాగి వచ్చాను. కోపం కొంచెం తగ్గింది, చెప్పాల్సింది చెప్పడానికి ఇదే సమయం.

జూన్ పద్దెనిమిదికి నువ్వు రబ్బరు సూట్లు కొనొద్దు. అమ్మ కొలతలు అడిగావు, పంపను. అమ్మ మాంటా పొట్ట చూసేసింది. పోయిన మంగళవారం. నేనే తీసుకెళ్ళాను. నీకు చెప్పకుండా, కావాలనే తీసుకెళ్ళాను.

తిట్టుకో, తిట్టుకుని మళ్ళీ చదువు.

అంతకుముందు వారమంతా పెద్ద అలలు, పడవలన్నీ రద్దు. మంగళవారం పొద్దున్నించే సముద్రం పళ్ళెంలో నీళ్ళలా నిలబడిపోయింది. నువ్వు చూసే కంప్యూటర్లో అది పున్నమి, కాబట్టి చెత్త రాత్రి. అమ్మ లెక్కలో అది మహేయలని, చేపలకి కలిసొచ్చే నిండు చంద్రుడి రాత్రి. మిగతా కంపెనీలు ఎలాగో పడవలు వేశాయి, మా పడవకి మాత్రం ఇద్దరే వచ్చారు, మేనేజరు రద్దు చేసి ఇంటికెళ్ళిపోయాడు. నేను లొపాకా వైపు చూశాను. వాడు నావైపు చూశాడు. ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. కంపెనీ తాళం తీసి దీపాల పలకా, రబ్బరు సూటూ వాడి చిన్న పడవలో పెట్టాను. ఇది నా రెండో నేరం, మేనేజరుకి ఇంకా చెప్పలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"అమ్మా, అలా తిరిగొద్దాం, వస్తావా?" అన్నాను.

అమ్మ నావైపు కాసేపు తల పక్కకి తిప్పి చూసింది. ఎక్కడికని అడగలేదు. లోపలికెళ్ళి చెప్పులు వేసుకుని తువ్వాలు ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. తువ్వాలు ఎందుకని నేనూ అడగలేదు.

రేవులో లొపాకా అమ్మని రెండు చేతులతో ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. బయల్దేరాం. పావు దారి వెళ్ళామో లేదో, వాడు ముక్కు ఎగబీల్చాడు.

"ఉలూ, ఆ సంచిలో ఏముంది?"

"అమ్మకి షుగరు పడిపోతే తినడానికి రొట్టె."

"ఏం రొట్టె?"

సంచి విప్పి చూశాను. బయల్దేరే హడావిడిలో బల్ల మీదున్నది చుట్టి సంచిలో పడేశాను. అది అరటిపండు రొట్టె. పడవలోకి అరటిపండు ఎక్కితే వేటకి అరిష్టం! చేపలవాడి కూతుర్ని, పసిపిల్లకైనా తెలిసిన సంగతి, నేను తెచ్చాను!

"ఉడికిపోయింది కదా, అరటిపండు కింద లెక్క రాదేమో" అన్నాను మెల్లగా.

"లెక్క నువ్వు చెప్తావా? ఆంటీ, చూశారా మీ అమ్మాయిని?"

"చూస్తున్నా" అంది అమ్మ. "తొమ్మిదేళ్ళు ఆఫీసులో కూర్చోబెడితే ఇలాగే అవుతారు. వెనక్కి తిప్పు నాయనా."

"నీళ్ళలో పడేద్దాం లొపాకా" అన్నాను.

"చాల్లే, సముద్రానికే అరటిపండు పెట్టి మరీ వస్తావా!" అని అమ్మ ఇంతెత్తున లేచింది.

వెనక్కి తిప్పాడు. రేవులో రొట్టె దించి, నా చేత చేతులు కడిగించి, సంచి కూడా అక్కడే వదిలేయించి, మళ్ళీ బయల్దేరేసరికి ముప్పావు గంట పోయింది. నేను లొపాకాని మనసులో తిట్టని తిట్టు లేదు. చూస్తూ చూస్తూ ఉన్న ఒక్క రాత్రీ రొట్టెపాలు అయ్యిందనుకున్నాను. మేం చేరేసరికి ఎనిమిదీ నలభై. అక్కడున్న పద్నాలుగు పడవలూ ఒక్కొక్కటే దీపాలు ఆర్పుకుని ఎదురొస్తున్నాయి. "లేటయ్యారు, అయిపోయింది" అని ఒక పడవలోంచి ఎవరో చెయ్యి ఊపారు.

సముద్రమంతా మాకు వదిలేసి వెళ్ళిపోయారు. లొపాకా దీపాల పలక నీళ్ళలోకి దించాడు. ఇందాక పద్నాలుగు దీపాల చుట్టూ తిరిగినవాటికి ఇప్పుడు మిగిలింది మా దీపం ఒక్కటే. నీ పట్టికలో అరటిపండు రొట్టెకి గడి పెట్టావా తమ్ముడూ? అది లేకపోతే ఆ రాత్రి అలా కుదిరేది కాదు.

రబ్బరు సూటు వేయడానికి మా తలప్రాణం తోకకొచ్చింది. "నా తోలు చాలదా, ఇంకో తోలు ఎందుకే" అని గొణుగుతూనే ఉంది. నీళ్ళలోకి దిగాక మాత్రం డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి కాదు. పలక పట్టుకుని, కాళ్ళ కింద తేలే స్పాంజి కట్ట పెట్టించుకుని బోర్లా తేలింది. నేను పక్కనే ఆవిడ నడుం మీద చెయ్యి వేసి ఉన్నాను. కింద కాంతిలో ఆ పురుగు దుమ్ములా తిరుగుతోంది. కాసేపు ఏమీ లేదు. దేవుడా, ఒక్కటి, ఒక్కటి చాలు అనుకున్నాను. అప్పుడు చీకట్లోంచి వచ్చింది. నోరు అంతా తెరుచుకుని మా కింద నుంచి పైకి లేచి, అమ్మ మొహానికి జానెడు దూరంలో వెనక్కి తిరిగింది. పొట్టంతా తెల్లగా, మన వంటింటి బల్ల కంటే పెద్దగా. ఆ వెనకాల ఇంకోటి. ఆ వెనకాల ఇంకో రెండు. ఒకదాని తర్వాత ఒకటి అమ్మ ముందుకొచ్చి పొట్ట చూపించి వెళ్ళాయి. నా చేతి కింద అమ్మ నడుం వణికింది. భయపడిందనుకుని తల పైకెత్తించబోయాను. నా చెయ్యి విసిరికొట్టింది.

పడవలోకి లాక్కున్నాక తువ్వాలు కప్పుకుని, లొపాకా ఇచ్చిన వేడి కోకో గుక్క గుక్కగా తాగింది. తర్వాత అంది:

"మొదటిదానికి మచ్చలు కుడివైపు ఎక్కువ. రెండోది ఆడది, కడుపుతో ఉంది."

"నీకెలా తెలుసమ్మా?"

"ఇద్దర్ని కన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా?"

ఇప్పుడు నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్న. కుడి కన్ను పూర్తిగా పోయింది కమూయెలా. కొంచెం మసక అని నీకు రాశాను చూడు, అది అబద్ధం. అమ్మే రాయమంది. "వాడికి చెప్తే పరిగెత్తుకొస్తానని మళ్ళీ తేదీ రాస్తాడు, అది రాను అని రాసినట్టే" అంది. ఎడమ కంటికి కూడా అదే జబ్బు మొదలైంది. చుట్టూ అంచులు కనిపిస్తాయి, మధ్యలో ఉన్నది మాయమవుతుంది. హీలో ఊరి డాక్టరు ఆ చూపు జూన్ దాకా ఉంటుందో ఉండదో చెప్పలేనన్నాడు. అందుకే నీ పద్దెనిమిదో తేదీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. నిన్ను అనవసరంగా తిట్టలేదు. సరే, కొంత అనవసరంగానే తిట్టాను.

తిరిగొస్తుంటే లొపాకా ట్రక్కులో అమ్మ నా పక్కన కూర్చుంది. వెన్నెల పట్టపగల్లా ఉంది. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నీ ముక్కు పోయిందే ఉలూ" అంది. "చెవులున్నాయి, జుట్టుంది. ముక్కు వెతుక్కోవాల్సి వస్తోంది."

ఆవిడ వేలు పట్టుకుని నా ముక్కు మీద పెట్టాను.

"మాంటాకి ఇబ్బంది లేకపోయింది" అంది మళ్ళీ. "అంత పెద్దది, మధ్యలో కొంచెం లేకపోయినా అంచులే సరిపోయాయి. మొహాలే చిన్నవి. వాణ్ణి చూసి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళమ్మా."

"వాడికి రాయి" అంది. "ఎప్పుడొస్తాడో మాత్రం రాయొద్దని రాయి. ఆ ఉత్తరం నాకు చదివి వినిపించకు."

అందుకే రాశాను. ఈ ఉత్తరం అమ్మకి తెలుసు, ఇందులో ఏముందో తెలియదు. మూడుసార్లు తేదీ చాటావు, మొదటిసారి తర్వాత నీ మొహం మేం చూడలేదు. నాలుగోది నీ పట్టిక, ఐదోసారి రాయకు. సెలవు అడుగుతావో, మానేస్తావో, క్రేను మీదనుంచి దూకుతావో నాకు తెలియదు, నాకు చెప్పకు కూడా. హోకూకి కార్డు రానివ్వకు. లొపాకాకి ఫోన్ చెయ్యకు, వాడి నోరు నీకు తెలుసు. చొక్కాలు అచ్చు వేయిస్తే మాత్రం గుమ్మంలోంచే తరిమేస్తాను.

అరుగు మీద దీపం వెలుతురు చాలడం లేదని నిన్న పెద్ద దీపం బిగించాను. దాని కింద నిలబడితే మొహం బాగా కనిపిస్తుంది. సాయంత్రాలు అమ్మ అక్కడే ఉంటుంది. గేటు తీసుకుని లోపలికి రా. ఎక్కడ్నించి వస్తున్నావని ఆవిడ అడగదు. అలా తిరుగుతూ వచ్చానని చెప్పు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు.

ఇట్లు,
ఇప్పటికీ కోపం తగ్గని నీ అక్క
ఉలూలనీ